గెలిచినా మైనస్ ఒకటి! హెల్సింకీలో ఖాశాబా జాదవ్

నెగెటివ్ మార్కుల గురించి మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తప్పు రాస్తే పావు మార్కో, మూడో వంతో కట్ అవుతుంది. వదిలేస్తే ఏమీ పోదు. మరి కరెక్టు జవాబు రాసినా మార్కు పోయే పరీక్ష ఎప్పుడైనా చూశారా?

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీ పోటీలు అచ్చంగా అలాగే నడిచాయి. ప్రత్యర్థి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి చిత్తు చేస్తే మీ ఖాతాలో సున్నా. అంటే అదే ఫుల్ మార్కులన్నమాట. చిత్తు చేయలేక జడ్జీల నిర్ణయంతో గెలిచారనుకోండి, గెలిచినా సరే మైనస్ ఒకటి. ఓడితే మైనస్ మూడు దాకా. మొత్తం ఐదుకు చేరితే మూట సర్దుకుని ఇంటికి. జాగ్రత్తగా ఆడి గట్టెక్కుదామనుకునే వాళ్లకు అక్కడ చోటు లేదు. ప్రతి బౌట్‌నూ తెగించి ముగించాల్సిందే.

ఆ లెక్కల మధ్య చివరి ముగ్గురిలో ఒకరిగా మిగిలి, 57 కిలోల ఫ్రీస్టైల్‌లో కాంస్యం తెచ్చిన మనిషి ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్. స్వతంత్ర భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం ఆయనదే. జీకే బిట్‌గా ఈ పాటికి మీరు చదివేసి ఉంటారు. ఏడాది, ఊరు, పతకం రంగు గుర్తు పెట్టుకుని పేజీ తిప్పేసి ఉంటారు. నాకు మాత్రం ఆ బిట్ కన్నా దాని చుట్టూ ఉన్న రూల్స్ కథే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. ఎందుకంటే కుస్తీ ఆయనకు చిన్నప్పుడే వచ్చు. ఆయన జీవితమంతా కుస్తీ పట్టింది వేరే వాటితో.

పేరు రాసుకోను పొమ్మన్నారు

1926 జనవరి 15న మహారాష్ట్రలోని సతారా జిల్లా, కరాడ్ పక్కన గోళేశ్వర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు జాదవ్. ఐదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తండ్రి దాదాసాహెబ్ స్వయంగా వస్తాదు. కాబట్టి ఇంట్లో అక్షరాభ్యాసం, గోదాలో దిగడం దాదాపు ఒకేసారి జరిగిపోయాయి. కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో చదువుతున్న రోజుల్లోనే క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. తప్పించుకు తిరుగుతున్న ఉద్యమకారులకు ఆశ్రయం ఇవ్వడం, ఉత్తరాలు చేరవేయడం లాంటి పనులు ఈ కుర్రాడూ చేశాడు.

తర్వాత కొల్హాపూర్‌లో రాజారాం కాలేజీ. ఇక్కడ జరిగిన ఒక సంగతి మీలో ఎవరికైనా ఇంటర్వ్యూ గదిని గుర్తు చేయొచ్చు. కాలేజీ వార్షిక క్రీడల్లో కుస్తీకి పేరు ఇవ్వడానికి వెళ్తే, ఈయన ఒళ్లు చూసి స్పోర్ట్స్ మాస్టారు రాసుకోనన్నారు. మనిషి ఐదడుగుల ఐదంగుళాలు. బక్కపలచన. పహిల్వాన్ అంటే కొండలా ఉండాలని అనుకునే ఊళ్లో ఈయన్ని చూసి ఎవరు నమ్ముతారు? జాదవ్ అక్కడ వాదన పెట్టుకోలేదు. నేరుగా ప్రిన్సిపాల్ ఖర్డేకర్ దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. దిగిన ప్రతి కుస్తీ గెలిచారు. ఈ ప్రిన్సిపాల్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

కొల్హాపూర్ అంటేనే కుస్తీకి పుట్టిల్లు. శాహూ మహారాజ్ కాలంలో 1912లో కట్టిన ఖాస్‌బాగ్ మైదానం ఇప్పటికీ ఉంది. అక్కడ వ్యాయామశాలను తాలీం అంటారు. మన ఊళ్లలో పాతవాళ్లు తాలింఖానా అనేది కూడా ఆ మాటే. ఎర్రమట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా చేస్తారు. తెల్లవారకముందే లేచి ఆ మట్టిని పారతో తిరగేయడమే మొదటి ఎక్సర్‌సైజు. తర్వాత దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం, మెడ మీద బరువు వేసి బలం పెంచడం. ఆ తర్వాతే జోడీతో పట్టు. జాదవ్ ఒక్క దమ్ముతో మూడు వందల దాకా దండీలు, వెయ్యి బస్కీలు తీసేవారని ఆయనతో సాధన చేసినవాళ్లు చెప్పేవారు. ఆ అంకె చూసి రేపు పొద్దున్నే మొదలెట్టకండి, మోకాళ్లు పోతాయి. ఏళ్ల తరబడి రోజుకు కొన్ని పెంచుకుంటూ పోతే వచ్చిన అంకె అది.

ఆయనకు పేరు తెచ్చిన పట్టు ఢాక్. ప్రత్యర్థి తలను చంకలో బిగించి, నడుము తిప్పి ఒక్క ఊపున నేలకేయడం. పొట్టి మనిషికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే నడుము ఎంత కింద ఉంటే, పైనున్నవాణ్ని లేపడం అంత తేలిక. ఇంజినీరింగ్ వాళ్లకు టార్క్ గురించి, గరిమనాభి గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. మాస్టారికి లోపంలా కనిపించిన ఎత్తే ఆయన ఆయుధమైంది.

మట్టి సిలబస్, మ్యాట్ పరీక్ష

1948 లండన్ ఒలింపిక్స్‌కు కొల్హాపూర్ మహారాజు ఖర్చు పెట్టి పంపారు. అక్కడికి వెళ్లాక గానీ అసలు సమస్య అర్థం కాలేదు. జాదవ్ అప్పటిదాకా మ్యాట్ మీద కుస్తీ పట్టింది లేదు.

మట్టికీ మ్యాట్‌కూ తేడా నేలలోనే కాదు, మొత్తం రూల్స్‌లోనే ఉంది. మట్టి గోదాలో సాధారణంగా గడియారం ఉండదు. ఒకడు వెల్లకిలా పడేదాకా సాగుతుంది. పాయింట్లు ఉండవు. ఓపిక ఉన్నవాడు అరగంటైనా ఆగి, అవతలివాడు అలిసిపోయాక పట్టు వేయొచ్చు. మన నిజామాబాద్, కామారెడ్డి వైపు జాతర కుస్తీలు చూసినవాళ్లకు ఇది తెలుసు. కొబ్బరికాయ పందెం దగ్గర మొదలై వెండి కడియం దాకా నడిచే ఆ పోటీల్లో చిత్తు చేయడం ఒక్కటే తీర్పు. మ్యాట్ మీద అలా కుదరదు. టైమ్ ఉంటుంది, చురుగ్గా ఆడుతున్నారా లేదా అని చూసే కళ్లుంటాయి, బోర్లా పడినా ఆట ఆగదు. కాలు తీసుకునే తీరు కూడా వేరు. మట్టిలో కాలి వేళ్లు దిగుతాయి కాబట్టి ఆసరా దొరుకుతుంది. మ్యాట్ మీద ఆ ఆసరా ఉండదు, వేగం పెరుగుతుంది.

లండన్‌లో రీస్ గార్డ్‌నర్ అనే అమెరికన్ కోచ్ ఆయనకు ఈ కొత్త నేల గురించి నేర్పించారు. దొరికింది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల సాధనతోనే ఫ్లైవెయిట్‌లో ఆస్ట్రేలియా, అమెరికా మల్లులను ఓడించి, ఇరాన్‌కు చెందిన మన్సూర్ రయీసీ చేతిలో ఓడి ఆరో స్థానంలో నిలిచారు. ఊరంతా సంబరపడినా ఆయనకు తృప్తి లేదు. సిలబస్ మొత్తం వచ్చి, పేపర్ ప్యాటర్న్ తెలియక ర్యాంకు పోగొట్టుకున్న వాళ్ల బాధ మీకు తెలిసే ఉంటుంది. దాదాపు అలాంటిదే.

తర్వాత నాలుగేళ్లు ఆయన చేసింది మట్టిలో నేర్చుకున్న పట్లను మ్యాట్ రూల్స్‌కు తగ్గట్టు మార్చుకోవడం. ఒక విభాగం పైకి జరిగి బ్యాంటమ్‌వెయిట్‌కు మారారు. బరువు కోసం ఒంటిని ఎండబెట్టుకోవడం కన్నా, ఉన్న బలానికి తగిన విభాగం ఎంచుకోవడం మంచిదని ఈ రోజు కోచ్‌లు కూడా చెబుతారు.

సెలక్షన్, ఆ తర్వాత డబ్బు

హెల్సింకీ జట్టులో మొదట ఆయన పేరు లేదు. మద్రాసులో జరిగిన జాతీయ పోటీల్లో తనకు రావాల్సిన పాయింటు ఇవ్వకుండా అన్యాయం చేశారని ఆయన వాదన. అందులో నిజమెంతో ఇప్పుడు తేల్చలేం. కానీ ఆయన ఏం చేశారో చూడండి. పటియాలా మహారాజుకు అర్జీ పెట్టుకున్నారు. కుస్తీ అంటే ప్రాణమిచ్చే ఆ మహారాజు, ఎంపికైన నిరంజన్ దాస్‌తో ఈయనకు పోటీ పెట్టించారు. జాదవ్ గెలిచారు. పేరు జాబితాలో చేరింది. అన్యాయం జరిగిందని తిట్టుకుంటూ కూర్చోకుండా, మళ్లీ పరీక్ష పెట్టమని అడగడం, అడిగినప్పటికి సిద్ధంగా ఉండడం. రెండూ కావాలి. రెండోది లేకుండా మొదటిది చేసేవాళ్లే మనలో ఎక్కువ.

పేరు చేరింది గానీ జేబులో డబ్బు లేదు. ప్రభుత్వం నుంచి ఆయన ఆశించినంత సాయం అందలేదు. చుట్టుపక్కల ఊళ్లలో చందాలు పోగుచేశారు. అవీ చాలలేదు. అప్పుడు ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన సొంత ఇంటిని తాకట్టు పెట్టి 7000 రూపాయలు తెచ్చిచ్చారు. 1952లో ఏడు వేలంటే ఎంతో మీ తాతయ్యను అడిగి చూడండి.

ఆ రోజు మ్యాట్ పక్కన ఎవరూ లేరు

హెల్సింకీలో కెనడా, మెక్సికో, జర్మనీ మల్లులను వరుసగా దాటేశారు జాదవ్. మైనస్‌లు పోగుపడి ఒక్కొక్కరే తప్పుకుంటూ, చివరికి జపాన్‌కు చెందిన షోహాచీ ఇషీ, సోవియట్ యూనియన్‌కు చెందిన రషీద్ మమ్మద్‌బెయోవ్, జాదవ్ మిగిలారు. అప్పటి బౌట్లు ఇప్పటిలా ఆరు నిమిషాలవి కావు, పదిహేను నిమిషాల దాకా సాగేవి. ఇషీతో హోరాహోరీగా సాగిన పోరులో కొద్ది తేడాతో ఓడారు.

చెమట ఆరకముందే మమ్మద్‌బెయోవ్‌తో దిగమని పిలుపొచ్చింది. రెండు బౌట్ల మధ్య అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది అప్పటి నిబంధన. కానీ ఆ నిబంధన చూపించి అడగడానికి ఆ సమయంలో భారత జట్టు అధికారి ఒక్కరూ మ్యాట్ దగ్గర లేరు. జాదవ్ మరాఠీ మాట్లాడే పల్లెటూరి మనిషి, ఎదురుగా ఉన్నది విదేశీ అధికారులు. అలిసిన ఒంటితోనే దిగారు, ఓడారు. ఇషీకి స్వర్ణం, మమ్మద్‌బెయోవ్‌కు రజతం, జాదవ్‌కు కాంస్యం. అదే జట్టులో వెళ్లిన కేశవ్ మంగావే ఫెదర్‌వెయిట్‌లో నాలుగో స్థానంతో ఆగిపోయారు.

విశ్రాంతి దొరికితే రజతం వచ్చేదా? చెప్పలేం. ప్రత్యర్థి కూడా సామాన్యుడు కాదు. కానీ రూల్ పుస్తకంలో ఉన్నా, అడిగేవాడు లేకపోతే అది లేనట్టే అన్న సంగతి ఆ సాయంత్రం తేలిపోయింది.

ఇప్పుడు మ్యాట్ పక్కన కోచ్ కుర్చీ ఉంటుంది. రిఫరీ తప్పు చేశాడనిపిస్తే కోచ్ మెత్తటి దిమ్మె ఒకటి మ్యాట్ మీదకు విసురుతాడు. అది ఛాలెంజ్. వీడియో మళ్లీ చూస్తారు. వాదన నిలబడకపోతే అవతలివాడికి ఒక పాయింటు. అంటే ఊరికే అరవడానికి వీల్లేదు, కచ్చితంగా తెలిస్తేనే విసరాలి.

మీలో ఎవరైనా యూనివర్సిటీ పోటీల కోసమో, స్పోర్ట్స్ కోటా ఆశతోనో కుస్తీ మొదలుపెడదామనుకుంటే ఇప్పటి లెక్కలు కాస్త చూసుకోండి. మూడు నిమిషాల చొప్పున రెండు పీరియడ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. ప్రత్యర్థిని నేలకు దించి వెనక నుంచి అదుపు చేస్తే 2 పాయింట్లు, వీపును మ్యాట్ వైపు తిప్పితే 2, నిలబడి ఉన్నవాణ్ని ఎత్తి నేరుగా వెల్లకిలా ప్రమాద స్థితిలో వేస్తే 4, గాల్లో పెద్ద వంపుతో వేస్తే 5. సర్కిల్ బయటికి అడుగు పెడితే అవతలివాడికి 1. ఫ్రీస్టైల్‌లో తేడా 10కి చేరితే అక్కడితో ఆట ముగుస్తుంది, గ్రీకో రోమన్‌లో 8కే. గ్రీకో రోమన్‌లో నడుము కింద పట్టుకోవడం నిషేధం. ఊరికే తోసుకుంటూ కాలక్షేపం చేస్తే ముందు హెచ్చరిక, తర్వాత 30 సెకన్ల గడువు. అందులోనూ ఏమీ చేయకపోతే ఎదుటివాడికి పాయింటు. స్కోరు సమమైతే పెద్ద పట్టు వేసినవాడిది పైచేయి. అదీ సమానమైతే తక్కువ హెచ్చరికలున్నవాడు, ఆ తర్వాత చివరి పాయింటు తెచ్చుకున్నవాడు. కాబట్టి 4-4 దగ్గర ఉన్నప్పుడు ఎవరు ముందున్నారో తెలియని మల్లుడు, తను గెలుస్తున్నాననుకుంటూనే ఓడిపోగలడు.

బరువు సంగతి ఇంకా కఠినం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్, రెండో రోజు ఉదయం 50 కిలోల కన్నా 100 గ్రాములు ఎక్కువ తూగిందని మొత్తం పోటీ నుంచే తప్పించారు. అంతకుముందు రోజు గెలుపులు కూడా లెక్కలోకి రాలేదు. ఆ రూల్ న్యాయమా కాదా అన్న వాదన వేరు. కానీ రెండు రోజులూ బరువు చూస్తారన్నది ముందే రాసి ఉన్న రూల్. అదే ఒలింపిక్స్‌లో జాదవ్ విభాగమైన 57 కిలోల్లోనే అమన్ సెహ్రావత్ కాంస్యం తెచ్చాడు.

సాధన విషయానికొస్తే, జిమ్‌లో కండలు పెంచి గోదాలోకి దిగుదామనుకోవడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. కుస్తీకి ముందు కావాల్సింది మెడ, నడుము, పిడికిలి. తాడు ఎక్కడం, వెల్లకిలా పడుకుని తల మీద ఒంటిని లేపే బ్రిడ్జి, భాగస్వామిని భుజాల మీద మోసుకుని పరుగు. ఇవి దాదాపు జాదవ్ కాలం నాటివే, ఇప్పటికీ మారలేదు. బ్రిడ్జి మాత్రం కోచ్ పక్కన లేకుండా చేయకండి, మెడతో ఆటలు వద్దు. మారింది ఏమిటంటే, ఒకే పట్టును వందలసార్లు నెమ్మదిగా, తర్వాత వేగంగా చేయించడం, ఆ తర్వాత చివరి 30 సెకన్లు, ఒక పాయింటు వెనకబడ్డారు అనే పరిస్థితి పెట్టి ఆడించడం. మీ మాక్ టెస్టుల్లాంటిదే.

ఎడ్లబండ్లు, ఎస్సై ఉద్యోగం

పతకంతో తిరిగొచ్చిన జాదవ్‌కు కరాడ్ స్టేషన్ నుంచి గోళేశ్వర్ దాకా 151 ఎడ్లబండ్లతో ఊరేగింపు చేశారు. మామూలుగా కాసేపట్లో నడిచి వెళ్లే దూరానికి గంటల తరబడి పట్టిందట. దేశం చూపు మాత్రం అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టు మీద ఉంది.

ఊరేగింపు అయిపోయాక ఆయన మొదట చేసిన పని నాకు పతకం కన్నా పెద్దదనిపిస్తుంది. కుస్తీ పోటీలు ఏర్పాటు చేయించి, వాటిలో తనే దిగి గెలిచి, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ ఇంటి తాకట్టు విడిపించారు.

1955లో బొంబాయి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. మీలో ఎంతమంది ఎస్సై నోటిఫికేషన్ కోసం పరుగులు ప్రాక్టీస్ చేస్తున్నారో నాకు తెలుసు. ఆయనకూ అది గౌరవమైన ఉద్యోగమే. శాఖ తరఫున పోటీల్లో గెలిచారు, కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు. మోకాలి గాయం వల్ల 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు మాత్రం వెళ్లలేకపోయారు. దాదాపు 27 ఏళ్ల సర్వీసు. ప్రమోషన్లు ఆలస్యంగా వచ్చాయి. అసిస్టెంట్ కమిషనర్‌గా రిటైరయ్యారు. ఆ తర్వాత పెన్షన్ కోసం తిరగాల్సి వచ్చింది. ఒలింపిక్ పతకం ఏ ఫైలులోనూ ఒక కాలమ్ కాదు కదా. హెల్సింకీలో అరగంట అడిగేవాళ్లు లేనట్టే, ఇక్కడా ఆయన తరఫున గట్టిగా అడిగేవాళ్లు లేకపోయారు. ఈసారి పటియాలా మహారాజు లాంటివాళ్లూ లేరు.

1984 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగాయి. 8న పీటీ ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. 12న ఒలింపిక్స్ ముగిశాయి. 14న జాదవ్ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వయసు 58. పతకం గెలిచిన రోజు నుంచి కన్నుమూసే దాకా 32 ఏళ్లు, మన దేశానికి మరో వ్యక్తిగత పతకం ఆయన చూడలేదు. తర్వాతిది 1996లో లియాండర్ పేస్‌ది, ఆపై 2000లో మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరిది. కుస్తీలో మరో పతకానికి 2008లో సుశీల్ కుమార్ దాకా ఆగాల్సి వచ్చింది.

అర్జున అవార్డు ఆయన పోయాక, 2000 సంవత్సరానికి గాను ఇచ్చారు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలోని కుస్తీ హాలుకు ఆయన పేరు పెట్టారు. పద్మ పురస్కారం రాలేదు. గోళేశ్వర్‌లో ఆయన ఇంటి పేరు ఒలింపిక్ నివాస్.